పదిహేనేళ్లుగా షెడ్డులో ఉన్న ఫియట్‌కు లక్షలు పెట్టొచ్చా? నా లెక్క ఇదీ

దుబ్బాకలో మా ఇంట్లో రెండు 1100లు ఉన్నాయి. ఒకటి నోకియా 1100. బాపు వాడి వాడి పక్కన పెట్టిన ఫోన్, అల్మారా సొరుగులో ఉంటుంది. రెండోది ఫియట్ 1100 వంశంలో పుట్టిన ప్రీమియర్ పద్మిని. అది ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. మా ఊళ్లో దాన్ని పద్మిని అని ఎవరూ అనరు. ఫియట్ కారు అంటారు, అంతే.

మొన్న దసరాకు ఊరెళ్లినప్పుడు నోకియాకు కొత్త బ్యాటరీ వేశాను. రెండొందలు కూడా కాలేదు. బటన్ నొక్కగానే రెండు చేతులు కలిసే బొమ్మ వచ్చింది. ఇంట్లో అందరం మురిసిపోయాం. అక్క కొడుకు పాము ఆట ఆడాడు. పది నిమిషాల తర్వాత ఆ ఫోన్ మళ్లీ అదే సొరుగులోకి వెళ్లిపోయింది. ఆ ఊపులోనే నాకు అనిపించింది, ఇక కారును కూడా లేపుదాం అని.

ఇక్కడ నేను మామూలుగా రాసేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి రివ్యూకు వచ్చిన ఐటెం 1991 మోడల్. అన్‌బాక్సింగ్ అంటే పాత టార్పాలిన్ లాగడమే. లాగితే లోపల్నుంచి రెండు ఎలుకలు ఉరికాయి. మూడు నెలలుగా నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒక్కటే: దీనికి డబ్బులు పెట్టాలా, వద్దా? మీ ఇంట్లో కూడా తాత స్కూటరో, నాన్న కారో మూలకు పడి ఉంటే ఈ లెక్క మీకూ పనికొస్తుంది.

ముందు స్పెసిఫికేషన్లు

ముంబైలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ ఫియట్ లైసెన్సుతో 1964లో ఫియట్ 1100 డిలైట్‌ను తీసుకొచ్చింది. అదే బండికి 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. ఇంజిన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. పవర్ సుమారు 40 హార్స్ పవర్. ఇవాళ మనం ‘చిన్న కారు’ అని పక్కన పెట్టే వాటికి కూడా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. నాలుగు గేర్లు, అదీ స్టీరింగ్ పక్కనున్న రాడ్‌తో వేయాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. పొద్దున చలికి స్టార్ట్ కావాలంటే చోక్ లాగాలి.

మా బండిని బాపు 1997లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మాది మగ్గాల ఇల్లు. చీరల మూటలు డిక్కీలో వేసుకుని సిద్దిపేటకు, సికింద్రాబాద్‌కు అందులోనే తిరిగేవాడు. వాడలో ఎవరికి రాత్రిపూట నొప్పులొచ్చినా, ఎవరింట్లో పెండ్లి అయినా ఆ బండే. కూడవెల్లి జాతరకు అందులో తొమ్మిది మందిమి ఎక్కిన రోజు నాకు గుర్తుంది. 2010లో అక్క పెండ్లి అయింది. అదే ఏడాది క్లచ్ పోయింది. పెండ్లి అప్పు మీద ఉన్న మనిషి క్లచ్ కోసం ఇంకో అప్పు చేయడు కదా. ‘వచ్చే నెల చేయిద్దాం’ అని షెడ్డులో పెట్టాడు. ఆ వచ్చే నెల పదిహేనేళ్లు అయినా రాలేదు.

ఈ మధ్యలో రాష్ట్రం మారింది. 2016లో మా ఊరు మెదక్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. నంబర్ ప్లేట్ల మీద టీఎస్ వచ్చింది, అది కూడా పోయి టీజీ వచ్చింది. షెడ్డులో బండి మీద మాత్రం ఇంకా ఏపీ 23 అనే ఉంది.

నేను చేసిన తప్పులు, వాటి ధర

గ్యాడ్జెట్ పిచ్చోళ్లకు ఒక రోగం ఉంటుంది. ఫోన్ రాకముందే కవర్ ఆర్డర్ పెడతాం. నేను కారు విషయంలో కూడా అదే చేశాను. టార్పాలిన్ తీసిన వారంలోపే ఆన్‌లైన్‌లో పాత డిజైన్ స్టీరింగ్ వీల్ (3,200), ఎల్ఈడీ హెడ్‌లైట్లు (2,400), మెరిసే వీల్ క్యాపులు (6,000) కొన్నాను. తర్వాత కొత్త బ్యాటరీ (5,200) తెచ్చి, బిగించి, కీ తిప్పాను. ఇంజిన్ కదల్లేదు. డ్యాష్‌బోర్డ్ కింద నుంచి పొగ వచ్చింది. ఎలుకలు వైరింగ్ మొత్తం కొరికేశాయి. బాపు ఉరికొచ్చి టెర్మినల్ పీకకపోతే షెడ్డే పోయేది.

మొత్తం 16,800 రూపాయలు. బండి ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

అందుకే మొదటి సలహా: ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి బ్యాటరీ పెట్టి కీ తిప్పకండి. పాత ఫోన్ ఛార్జింగ్ పెడితే మహా అయితే ఆన్ కాదు. కారు అలా కాదు. వైర్లు షార్ట్ అవుతాయి. సిలిండర్లలో తుప్పు ఉంటే పిస్టన్ రింగులు విరుగుతాయి. ట్యాంకులో చెడిపోయిన పెట్రోల్ మొత్తం కార్బ్యురేటర్‌లోకి పోతుంది.

ఉస్తాద్ ఎలా చూశాడు

సిద్దిపేటలో పాత బండ్లు తెలిసిన ఒక ముసలి మెకానిక్‌ను బాపే పట్టుకొచ్చాడు. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన వచ్చి బానెట్ ఎత్తలేదు. ముందు కింద పడుకున్నాడు. స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్‌ను, డోర్ల కింది అంచులను టక్ టక్ అని పొడిచాడు. రెండు చోట్ల స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది.

నేను ఇంజిన్ సంగతి అడిగాను. ఆయన నవ్వాడు. "ఇంజిన్‌దేముంది తమ్మి, దించితే బాగైతది. బాడీకి జంగు పట్టిందా లేదా, గదే చూడాలె."

ఇందులో పెద్ద పాయింట్ ఉంది. జీపుకో, లారీకో ఉన్నట్టు పద్మినికి కింద వేరే ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీయే ఫ్రేమ్. డోర్ల కింది అంచులు, ఫ్లోర్ తిన్నాయంటే అది అందం సమస్య కాదు, బలం సమస్య. పైన మెరిసే పెయింట్ వేసినా లోపల డొల్లే. ఫోన్ భాషలో చెప్పాలంటే స్క్రీన్ పగలడం వేరు, మదర్‌బోర్డ్ తుప్పు పట్టడం వేరు.

తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి, "మూడు దినాలు ముట్టకు" అన్నాడు. మూడో రోజు ముందు పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పాం. మొదట కదల్లేదు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు ఊపితే సన్నగా కిర్రుమని తిరిగింది. అప్పుడు బాపు మొహం చూశాను. ఏమీ అనలేదు కానీ చేతులు తుడుచుకుంటూ రెండుసార్లు చుట్టూ తిరిగాడు.

టైర్ల పక్కన అచ్చేసిన నాలుగంకెల నంబర్ కూడా ఉస్తాదే చూపించాడు. మా బండి మీద 3208 అని ఉంది. అంటే 2008లో 32వ వారంలో తయారైన టైర్లు. గాడులు కొత్తవాటిలానే ఉన్నాయి, కానీ రబ్బరు గట్టిపడి పక్కల నెర్రెలు బారింది. పైకి మంచిగా కనిపించే పాత టైరు అన్నింటికన్నా ప్రమాదం. మీ ఇంటి బండి మీద కూడా ఈ నంబర్ ఒకసారి చూడండి.

ఖర్చు: మూడు దారులు

ఉస్తాద్‌తో కూర్చుని, స్పేర్ల ధరలు రాణిగంజ్‌లో అడిగి, దొరకనివి ముంబై నుంచి తెప్పిస్తే ఎంతవుతుందో కనుక్కుని ఒక షీట్ వేశాను. ఇవి మా బండి లెక్కలు. మీ బండివి వేరే ఉంటాయి.

మొదటి దారి, వదిలేయడం. పాత ఇనుము లెక్కన ఒకాయన 23,000 ఇస్తానన్నాడు. స్పేర్ల కోసం కొనే ఇంకొకాయన 40,000 దాకా వచ్చాడు.

రెండో దారి, నడిచేలా చేయడం. పెయింట్ లేదు, క్రోమ్ లేదు. ఇంజిన్ హెడ్, వాల్వులు, గ్యాస్కెట్లు, సీళ్లు 28,000. క్లచ్ 9,000. బ్రేకులు మొత్తం 14,000. పెట్రోల్ ట్యాంకు, పంపు, పైపులు, కార్బ్యురేటర్ 11,000. వైరింగ్ 12,000. అయిదు టైర్లు, ట్యూబులు 18,000. రేడియేటర్, హోస్ పైపులు 7,000. ఫ్లోర్ వెల్డింగ్ 20,000. సస్పెన్షన్ బుష్‌లు, స్టీరింగ్ పని 9,000. బండిని సిద్దిపేటకు తీసుకెళ్లడం 4,000. మొత్తం 1,32,000. పాత బండి విప్పితే తప్పకుండా ఇంకేదో బయటపడుతుంది కాబట్టి 20 శాతం పైన వేసుకున్నాను. 1,58,000 అయింది.

మూడో దారి, పూర్తి రిస్టోరేషన్. బాడీని ఇనుము దాకా గీకి, టింకరింగ్, పెయింటింగ్, సీట్లు, క్రోమ్, అద్దాల బీడింగ్, అన్నీ షోరూమ్ నుంచి వచ్చినట్టు చేయడం. దీనికి ఇంకో మూడు లక్షలు. కాగితాల ఖర్చు కాకుండానే నాలుగున్నర లక్షలు దాటుతుంది. టైం కనీసం ఏడాది.

ఇప్పుడు చేదు మాట. నేను చూసిన అమ్మకం ప్రకటనల్లో మంచి కండిషన్‌లో ఉన్న పద్మినిలకు అడుగుతున్నది రెండు నుంచి మూడున్నర లక్షలు. అడిగే ధర అది, వచ్చే ధర ఇంకా తక్కువే. అంటే నాలుగున్నర పెట్టి చేయించిన రోజే నేను కనీసం లక్ష నష్టంలో ఉంటాను. ‘క్లాసిక్ కారు ఇన్వెస్ట్‌మెంట్’ అని వీడియోల్లో చెప్పే మాట ఇలాంటి బండికి వర్తించదు. అది అరుదైన వాటికి. పద్మిని మన దేశంలో ఏళ్ల తరబడి తయారైన మామూలు కారు.

ఎవరూ చెప్పని ఖర్చు: కాగితాలు

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. మా బండిది 2006లో ఒకసారి చేయించారు, 2011లో గడువు అయిపోయింది. తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

2022 ఏప్రిల్ ముందు కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. అప్పటినుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్‌తో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు అది 10,000 అయింది. జీఎస్టీ వేరు. ఆలస్యమైతే కారుకు నెలకు 500 అదనం. ఒక్క 2022 ఏప్రిల్ నుంచి 2025 డిసెంబరు వరకు లెక్కేసినా 45 నెలలు, 22,500 రూపాయలు. దానిపైన గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. నేను 40,000 పక్కన పెట్టుకున్నాను. అన్నిటికన్నా ముందు ఒరిజినల్ ఆర్‌సీ ఇంట్లో ఉందో లేదో చూసుకోండి. మాది అమ్మ పెట్టెలో, పట్టుచీరల కింద దొరికింది. అది లేకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

‘వింటేజ్ కేటగిరీలో వేస్తే అయిపోతుంది కదా’ అని మా రూమ్‌మేట్ అన్నాడు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే యాభై ఏళ్లు దాటాలి. మా బండికి ఆ అర్హత 2041లో వస్తుంది. పైగా ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ రోడ్డు మీద తిరగడానికి వీల్లేదు. షోలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే.

ఈ20 సంగతి

ఇప్పుడు బంకుల్లో మనం పోయించుకునేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1991లో ఈ ఇంజిన్ చేసినవాళ్లు దీన్ని ఊహించలేదు. ఇథనాల్ గాల్లో తేమను లాగుతుంది. బండి వారాల తరబడి నిలబడితే ట్యాంకులో నీళ్లు చేరతాయి, ఇనుప ట్యాంకు తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ మెత్తబడి పగులుతాయి. పెట్రోల్ కారితే అది వాసనతో ఆగదు, మంట దాకా పోతుంది.

కొత్త కార్లలో సెన్సర్లు చూసుకుని పెట్రోల్ మోతాదు మార్చే కంప్యూటర్ ఉంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అందుకే పైపులు, సీళ్లు ఇథనాల్ తట్టుకునే రబ్బరువి వేయించాలి. కార్బ్యురేటర్ జెట్ కూడా సరిచేయించాలి. దీన్ని పెద్ద ఖర్చు అనుకోకండి, కానీ మర్చిపోతే మొత్తం ఖర్చు బూడిదే.

‘ఈవీ చేసేయొచ్చు కదా’ అని మీలో సగం మంది ఈపాటికి అనుకుని ఉంటారు. నేనూ అనుకున్నాను. ఆ బండి మోడల్‌కు ఏఆర్ఏఐ లాంటి సంస్థల అనుమతి ఉన్న కిట్ కావాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పించాలి, ఖర్చు మళ్లీ లక్షల్లోనే. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది ఆలోచించాల్సిన విషయమే. నాకు కావాల్సింది మాత్రం ఆ చోక్, ఆ గేర్ రాడ్, ఆ చప్పుడు. అవి తీసేస్తే నా దగ్గర మిగిలేది పద్మిని ఆకారంలో ఉన్న ఒక గోల్ఫ్ బండి.

ఇంట్లో జరిగిన పంచాయితీ

షీట్ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. అమ్మకు ఆ షెడ్డు జాగా కావాలి. అక్కడ ఒక రూమ్, బాత్రూమ్ కట్టించాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. మోకాళ్ల నొప్పులతో బయటి బాత్రూమ్‌కు పోవడం ఆమెకు కష్టం. అక్క ఫోన్‌లోనే తేల్చేసింది: "ఆ పైసలతోని సెకండ్ హ్యాండ్ మారుతి వస్తది రా. ఏసీ ఉంటది, అమ్మను దవాఖానకు మంచిగ తోల్కపోవచ్చు. దాంట్ల ఎవరు కూసుంటరు?"

అక్క మాట ముమ్మాటికీ కరెక్టు. ఇంటికి ఒక కారు కావాలి అనేది మీ అవసరమైతే పాత బండి వైపు చూడకండి. రాజీవ్ రహదారి మీద లారీల మధ్య నాలుగు డ్రమ్ బ్రేకులను నమ్ముకుని అమ్మానాన్నలను కూర్చోబెట్టడం ప్రేమ కాదు.

బాపు మాత్రం చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. అందరూ లేచాక అడిగాడు: "గిది ఎవరి కోసం చేస్తున్నవ్ రా?"

"నీ కోసమే బాపూ."

"నాకు రాత్రిపూట ఎదురుంగ లైటు పడితే కండ్లు కనవడ్తలేవు. క్లచ్ తొక్కుడు నాతోని కాదు. నా కోసం అయితే వద్దు. పోయి అమ్మకు రూమ్ కట్టియ్యి."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మూడు నెలలుగా నేను ఊహించుకున్న సీన్ ఒకటే. తళతళ మెరిసే కారు, దాని పక్కన బాపు, నా ఫోన్‌లో వీడియో. ఆ సీన్‌లో బండి ఎక్కడికీ పోదు. నోకియా లాగానే పది నిమిషాలు మురిసి, మళ్లీ సొరుగులో పెట్టడానికి నేను నాలుగున్నర లక్షలు ఖర్చు చేయబోయాను.

కాసేపటికి బాపే మళ్లీ అడిగాడు: "నువ్వు నడుపుతవా?"

నాకు ఆ గేర్ రాడ్ వేయడమే రాదన్నాను. నేను నేర్చుకున్నది ఆటోమేటిక్ మీద. ఆయన లేచి షెడ్డులోకి పోయి, ఎడమవైపు సీటు మీద దుమ్ము దులిపి కూర్చున్నాడు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమన్నాడు. చీకట్లో, కదలని బండిలో, ఒక్కో గేరు ఎక్కడుంటుందో చేయి పట్టి చూపించాడు. "మంచిగ వినాలె. ఇంజిన్ చప్పుడు చెప్తది ఎప్పుడు మార్చాల్నో."

ముంబై ట్యాక్సీలు చెప్పే పాఠం

ముంబైలో నలుపు పసుపు పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరు 30తో రోడ్డు మీద నుంచి వెళ్లిపోయాయి. చివరి బండి రిజిస్టర్ అయింది 2003 అక్టోబరు 29న. అక్కడ ట్యాక్సీలకు ఇరవై ఏళ్లే గడువు. ఆ ఇరవై ఏళ్లూ ఆ బండి సముద్రపు ఉప్పు గాలిలో, వానలో, ట్రాఫిక్‌లో తిరిగింది. మా బండి అదే జాతి. నీడలో, రేకుల కింద, ఏ పనీ లేకుండా పదిహేనేళ్లలో చచ్చిపోయింది. బండి వయసుతో పాడవదు, నిలబెడితే పాడవుతుంది. సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, పెట్రోల్ జిగురవుతుంది.

ఇంకో ఉదాహరణ. మన దేశంలో మొట్టమొదటి మారుతి 800 తాళాలను 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ హర్‌పాల్ సింగ్‌కు ఇచ్చారు. ఆయన పోయాక ఆ కారు ఇంటి ముందు ఏళ్లపాటు తుప్పు పట్టింది. చివరికి కంపెనీయే దాన్ని బాగుచేయించి తమ ఆఫీసులో ప్రదర్శనకు పెట్టింది. అది చేయదగిన ఖర్చే. ఎందుకంటే ఆ కారు నడవక్కర్లేదు. మన చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపు రోల్స్ రాయిస్ కూడా అంతే. అవి చరిత్ర. వాటిని చూడటానికి జనం వస్తారు, టికెట్ కొంటారు. మా ఇంటి బండి చరిత్ర మా వాడ దాటదు. అది నడిస్తేనే దానికి విలువ.

వర్డిక్ట్

అందుకే నా అభిప్రాయం ఇది. ‘ఈ బండి బాగుచేయడానికి ఎంతవుతుంది?’ అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఉస్తాద్ నన్ను మొదటి రోజే అడిగాడు, నాకే అర్థం కాలేదు. "చాలు అయితది తమ్మి, గది సమస్య కాదు. చాలు అయినంక నువ్వేం జేస్తవ్?"

దీనికి కూడా ఒక లెక్క వేశాను. పెట్రోల్, ఆయిల్, ఇన్సూరెన్స్, చిన్న చిన్న రిపేర్లు కలిపి నెలకు 2,500 అనుకుంటే ఏడాదికి 30,000. అయిదేళ్లకు లక్షన్నర. అంటే బాగుచేసినంత ఖర్చు మళ్లీ నడపడానికి కావాలి. ఆ డబ్బు, ఆ శనివారాలు మీ దగ్గర లేకపోతే రిస్టోరేషన్‌కు పెట్టే మొదటి రూపాయి కూడా వృథా. మళ్లీ మూడేళ్లలో బండి పాత స్థితికే వస్తుంది, ఈసారి కొత్త పెయింట్‌తో.

నేను రెండో దారి ఎంచుకున్నాను, షరతులతో. మూడు మెట్లు పెట్టుకున్నాం. మొదటి మెట్టు 25,000: హెడ్ దించి చూడటం, ఫ్లోర్ పూర్తిగా గీకి చూడటం. బ్లాక్ పగిలి ఉన్నా, డోర్ల కింది అంచులు మొత్తం తిని ఉన్నా అక్కడితో ఆపేసి స్పేర్లకు అమ్మేయాలి. రెండో మెట్టు బ్రేకులు, పెట్రోల్ లైను, వైరింగ్, వెల్డింగ్. మూడోది టైర్లు, కాగితాలు. మొత్తం రెండు లక్షలు దాటకూడదు. మించితే ఆగిపోవాలి. పెయింట్ గురించి రెండేళ్లు మాట్లాడకూడదు. వీల్ క్యాపులు డబ్బాలోనే ఉన్నాయి.

అమ్మ రూమ్ సంగతి? నాలుగున్నర లక్షలకూ రెండు లక్షలకూ మధ్య తేడా ముందు ఆ రూమ్‌కు పోతుంది. బండి రాకముందే పని మొదలవ్వాలని అమ్మ షరతు. పునాది తవ్వారు. షెడ్డు సగానికి తగ్గింది. బండి పట్టేంత జాగా మిగిలింది.

మొదటి మెట్టు గత నెల అయిపోయింది. బ్లాక్ బాగుంది, మూడు సిలిండర్లలో కంప్రెషన్ పరవాలేదు, ఒకదానిలో తక్కువ. డోర్ల కింది అంచులు కుడివైపు మాత్రమే కోసి వేయాలి. ఉస్తాద్ ‘ముందుకు పోదాం’ అన్నాడు. బండి ఇప్పుడు సిద్దిపేటలో స్టాండ్ల మీద ఉంది. ఇంకా స్టార్ట్ కాలేదు. అవుతుందని నేను మీకు గ్యారెంటీ ఇవ్వను.

పూర్తి రిస్టోరేషన్‌ను నేను వద్దనుకోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. దానికి ఏడాది పైన పడుతుంది. దీనికి నాలుగు నెలలు. బాపుకు ఇప్పుడు 64. పక్క సీట్లో కూర్చుని, గేరు తప్పు వేస్తే నన్ను తిట్టేంత ఓపిక ఆయనకు ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదు. షీట్‌లో ధర లేని ఐటెం అదొక్కటే. రెండో శనివారాలు ఊరెళ్లి, దుబ్బాక నుంచి సిద్దిపేట దాకా, పగటి పూట, నెమ్మదిగా నడపాలి. అది చేయగలను అనిపించింది కాబట్టే డబ్బులు పెట్టాను.

మీరూ అలాంటి బండి ముందు నిలబడి ఉంటే ముందు ఆర్‌సీ వెతకండి, స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్ పొడవండి, ఆపేసే అంకె కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఇది ఎవరి కోసం అని. జవాబు ‘వీడియో కోసం’ అయితే ఆ డబ్బుతో మంచి ఫోన్ కొనుక్కోండి. ఏది కొనాలో నేను చెప్తాను, నా మామూలు పని అదే కదా.